ఇరవై ఐదో గంట పాటలు

పాటలన్నీ 1967, 68 నాటి పద్ధతిలోనే ఉండాలి. ఏ భాగాన్నైనా రెండు టేకుల్లో ముగించాలి. వీలున్నంత వరకూ ఆ కాలపు వాయిద్యాలూ యంత్రాలే వాడాలి. 1984 డిసెంబరులో ఇంగ్లండ్ పశ్చిమాన హెరెఫర్డ్‌లోని చాపెల్ లేన్ స్టూడియోకి వెళ్తూ ఎక్స్‌టీసీ బృందం తనకు తాను పెట్టుకున్న కట్టుబాట్లివి. వర్జిన్ రికార్డ్స్ సంస్థ ఇచ్చింది 5,000 పౌండ్లు. పట్టిన సమయం సుమారు రెండు వారాలు. తయారైంది ఆరు పాటల రికార్డు, ‘25 ఓ’క్లాక్’. దాని మీద ఎక్స్‌టీసీ పేరు లేదు. ‘ద డ్యూక్స్ ఆఫ్ స్ట్రాటోస్ఫియర్’ అనే, ఎవరూ విని ఉండని బృందం పేరుంది. విడుదల తేదీ 1985 ఏప్రిల్ 1. అరవైల నాటి బృందమొకటి ఇన్నాళ్లకు వెలుగులోకి వచ్చిందన్నట్టుగా దాన్ని జనం ముందు పెట్టారు.

ఏప్రిల్ ఫూల్ సరదాగా మొదలైనా, ఈ పని సరదాతో తీరిపోయేది కాదు. పాత పాటల మీద మోజుతో కొత్తవాళ్లు చేసిన నకళ్లు కోకొల్లలు. నాలుగుసార్లు వినేసరికి వాటి రంగు దిగిపోతుంది. డ్యూకుల పాటలకు నలభై ఏళ్లయినా ఆ గతి పట్టలేదు. ఆ పాత మోత ఏ యంత్రం వల్ల వచ్చిందో, ఏ పరిమితి వల్ల వచ్చిందో, ఎవరి చిలిపితనం వల్ల వచ్చిందో వాళ్లు చేత్తో చేసి నేర్చుకున్నారు. నేర్చుకున్నాక, ఆ మోతకు తగ్గ సొంత పాటలు రాసుకున్నారు. వాటి నిలకడకు కారణం అదేనని నా నమ్మకం.

1966 నుంచి 68 దాకా బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నడిచిన సైకెడెలిక్ పాప్‌ది ఓ వింత కాలం. మత్తుమందుల ప్రభావం అందులో ఉన్న మాట నిజమే. కానీ పాటలో మనకు వినిపించేది ఎక్కువగా టేపు మీద చేసిన పని. గిటార్‌ను రికార్డు చేసి టేపును వెనక్కి తిప్పడం, గొంతు వేగం తగ్గించి బొంగురు చేయడం, సితార్ మీటులు కలపడం, మూడు నిమిషాల పాటలో రెండు మూడు పాటల్ని కుట్టేయడం. ఇంగ్లండ్ బృందాల దగ్గరికి వచ్చేసరికి దీనికి పిల్లల కథల అమాయకత్వం కూడా తోడైంది. సైకిళ్లు, పెరటి తోటలు, బొమ్మలు, పొరుగింటి మనుషులు పాటల్లోకి వచ్చారు.

ఎక్స్‌టీసీ నాయకుడు ఆండీ పార్ట్రిడ్జ్ 1953లో పుట్టాడు. అంటే ఆ పాటలు రేడియోలో మోగేనాటికి బడికి వెళ్లే పిల్లాడు. ఆయనదీ, బేస్ గిటార్ వాయిస్తూ పాటలు రాసే కాలిన్ మోల్డింగ్‌దీ, గిటార్, కీబోర్డు చూసుకునే డేవ్ గ్రెగరీదీ స్విండన్ ఊరు. ఒకప్పుడు గ్రేట్ వెస్టర్న్ రైల్వే కర్మాగారాలతో బతికిన పట్టణం అది. 1979లో మోల్డింగ్ రాసిన ‘మేకింగ్ ప్లాన్స్ ఫర్ నైజెల్’ వాళ్లకు పేరు తెచ్చింది. వేదిక ఎక్కాలంటే భయం ముదిరి పార్ట్రిడ్జ్ 1982లో కచేరీలు మానేశాడు. డ్రమ్మర్ టెరీ చేంబర్స్ ఆ తర్వాత బృందాన్ని వదిలి వెళ్లాడు. అక్కణ్ణించి వాళ్లది స్టూడియో బతుకు. ‘ద బిగ్ ఎక్స్‌ప్రెస్’ 1984లో వచ్చింది. లిన్ డ్రమ్ అనే యంత్రపు తాళం ఎక్కువగా వినిపించే ఆ ఆల్బమ్ సరిగా అమ్ముడుపోలేదు. అదే సమయంలో పార్ట్రిడ్జ్, నిర్మాత జాన్ లెకీ కలిసి కెనడా గాయని మేరీ మార్గరెట్ ఓ’హారా ఆల్బమ్‌కు పనిచేయబోయారు. అది మొదట్లోనే చెదిరిపోయింది. ఇద్దరికీ చేతిలో ఖాళీ రోజులు మిగిలాయి. సైకెడెలిక్ పాటలు చేయాలని పార్ట్రిడ్జ్ మనసులో ఎప్పటి నుంచో ఉన్న కోరిక అప్పుడు పైకి వచ్చింది. ‘డ్యూక్స్ ఆఫ్ స్ట్రాటోస్ఫియర్’ అన్న పేరు కూడా డెబ్భైల నడుమ సొంత బృందానికి పెట్టాలని అనుకున్న పేర్లలో ఒకటే.

మారుపేర్లు చూడండి. పార్ట్రిడ్జ్ ‘సర్ జాన్ జాన్స్’ అయ్యాడు. మోల్డింగ్ ‘ద రెడ్ కర్టెన్’. గ్రెగరీ ‘లార్డ్ కార్నీలియస్ ప్లమ్’. డ్రమ్స్‌కు గ్రెగరీ తమ్ముడు ఇయన్‌ను పిలిచారు. ‘ఓల్డ్ మెక్‌డొనాల్డ్’ పాట నేర్చుకున్న ఏ పిల్లకైనా నవ్వు తెప్పించే ‘ఇ.ఐ.ఇ.ఐ. ఓవెన్’ అన్న పేరు అతనికిచ్చారు. లెకీ పేరు మాత్రం పూర్తిగా కల్పన కాదు. ‘స్వామి ఆనంద్ నగారా’ అన్నది ఆయన రజనీష్ అనుయాయిగా ఉన్నప్పటి పేరు.

ఈ పని పండడానికి సగం కారణం ఆ స్వామే. లెకీ 1970లో అబీ రోడ్ స్టూడియోలో టేప్ ఆపరేటర్‌గా చేరాడు. జార్జ్ హారిసన్ ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’, జాన్ లెనన్ ‘ప్లాస్టిక్ ఓనో బ్యాండ్’ తయారైనప్పుడు టేపుల దగ్గర ఉన్నవాడు. ఒకే గొంతును రెండు టేపుల మీద నడిపి, వాటి మధ్య వెంట్రుకవాసి ఎడం పెట్టి, ఒక్కడు పాడితే ఇద్దరు పాడినట్టు వినిపించే పద్ధతిని 1966లో కెన్ టౌన్‌సెండ్ కనిపెట్టింది ఆ స్టూడియోలోనే. ఆ ఇంజనీర్ల నడుమ పని నేర్చుకున్న మనిషికి ఇవి చదివి తెలిసిన విద్యలు కావు. పార్ట్రిడ్జ్ ఫలానా పాటలో వినిపించే ఫలానా వణుకు కావాలంటే, అది ఎలా వస్తుందో ఆయన చేతికి తెలుసు.

రెండో సగం గ్రెగరీది. అరవైల పాటల్ని సొంతంగా, వాయిద్యం వాయిద్యంగా, అచ్చు మూలంలా తిరిగి కట్టడం ఆయన అలవాటు. అలా చేసినవి తర్వాతి కాలంలో ‘రీమోల్డ్స్’ పేరుతో వచ్చాయి కూడా. ఎవరికీ చూపించకుండా ఏళ్ల తరబడి చేసిన ఆ సాధన ఇక్కడ అక్కరకొచ్చింది. పైగా ఆయన దగ్గర మెలోట్రాన్ ఉంది. చూడ్డానికి ఆర్గన్ లాంటిదే. అయితే ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే ఆ ముక్క మీద ముందే రికార్డు చేసిన ఫ్లూటో, వయొలిన్ల బృందమో మోగుతుంది. ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది. వేలు తీసి మళ్లీ నొక్కాలి. అందువల్ల మెలోట్రాన్ మీద పొడుగు స్వరాలు నిలవవు. వాయించేవాడు స్వరాల్ని మార్చుకుంటూ పోక తప్పదు. టేపు ఈడ్చుకుపోయే తీరులో శ్రుతి కూడా కాస్త ఊగుతుంది. బీటిల్స్ ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ మొదట్లో వినిపించే ఫ్లూట్లలోని దిగులు ఆ ఊగుడే. 1984లో అదే మోతను కొత్త సింథసైజర్ మీద తీసి ఉంటే శ్రుతి నిక్కచ్చిగా ఉండేది, దిగులు ఉండేది కాదు.

డ్రమ్స్ సంగతి ఇంకా ఆసక్తికరం. ఎనభైల పాప్ పాటలెన్నిటిలోనో మోగే ఆ పెద్ద డ్రమ్ మోత, గది నిండా ప్రతిధ్వనించి కత్తితో కోసినట్టు ఠక్కున ఆగిపోయేది, రూపు దిద్దుకున్న చోట్లలో ఎక్స్‌టీసీ స్వంత ఆల్బమ్ ఒకటి. 1979లో ‘డ్రమ్స్ అండ్ వైర్స్’ను లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో స్టీవ్ లిల్లీవైట్, హ్యూ పాడ్‌గమ్ చేశారు. మరుసటి ఏడాది పాడ్‌గమ్ చేతుల మీదుగా ఆ మోత పీటర్ గేబ్రియల్ రికార్డులో లోకానికి పరిచయమైంది. అంటే తాము పురుడు పోసిన మోతనే పక్కన పెట్టి, దానికి పన్నెండేళ్ల ముందరి మోత దగ్గరికి వీళ్లు నడిచారు. ఇయన్ గ్రెగరీ డ్రమ్స్‌లో యంత్రపు కచ్చితత్వం లేదు. అక్కడక్కడా ఉత్సాహం తాళాన్ని నెట్టుకుపోతుంది. రెండు టేకుల నియమం లేకపోతే ఆ తొందరపాటుల్ని దిద్దేసేవాళ్లు, పాటల్లోంచి ప్రాణం పోయేది.

ఇప్పుడు పాటల్లోకి వెళ్దాం. రికార్డుకు పేరిచ్చిన ‘25 ఓ’క్లాక్’ గడియారం టిక్కుటిక్కులతో మొదలవుతుంది. దాని వెనక లాస్ ఏంజిలెస్ బృందం ఎలెక్ట్రిక్ ప్రూన్స్ నీడ ఉంది. వాళ్ల ‘ఐ హాడ్ టూ మచ్ టు డ్రీమ్’ మొదట్లోని ఝుమ్మనే గిటార్ విన్నవారు ఇక్కడ దాని చుట్టాన్ని వెంటనే గుర్తుపడతారు. కానీ ఆ చుట్టరికం ఆరంభం వరకే. రోజులో లేని ఇరవై ఐదో గంట కొట్టగానే నువ్వు నా దానివవుతావని ప్రియురాలికి చెప్పే ఆ బెదిరింపూ, దాన్ని మోసే పల్లవి ఎత్తుగడా పార్ట్రిడ్జ్ సొంతం. నడుమ వచ్చే ఆర్గన్ చరణం ఎంత పొడుగుండాలో అంతే ఉంటుంది. ఆ కాలపు బృందాలు తమ ఆర్గన్ వాయిద్యగాణ్ణి ఎంతసేపు మురిపెంగా వదిలేసేవో వీళ్లకు కొలత తెలుసు.

‘బైక్ రైడ్ టు ద మూన్’లో పింక్ ఫ్లాయిడ్ తొలినాటి సిడ్ బారెట్ ఉన్నాడు. టుమారో బృందం 1967లో పాడిన తెల్ల సైకిల్ కూడా ఉంది. ‘యువర్ గోల్డ్ డ్రెస్’లో మొరటు గిటార్ మధ్యలోంచి ఉన్నట్టుండి పియానో గజ్జెకట్టి దూకుతుంది. రోలింగ్ స్టోన్స్ ‘షీ ఈజ్ ఎ రెయిన్‌బో’లో నికీ హాప్కిన్స్ వాయించిన తీరు అది. మోల్డింగ్ ఇచ్చిన పాట ఒక్కటే, ‘వాట్ ఇన్ ద వరల్డ్’. అందులో బేస్ గిటార్ తాళం పట్టి ఊరుకోకుండా తనే ఒక పాట పాడుతూ ముందు నడుస్తుంది. బీటిల్స్ బేస్ వాయిద్యగాడు మెకార్ట్నీని శ్రద్ధగా విన్న చెయ్యి.

ఈ రికార్డు పనితనం మొత్తం ‘ద మోల్ ఫ్రమ్ ద మినిస్ట్రీ’లో గుమిగూడింది. మూలం దాచిందేమీ లేదు, ‘ఐ యామ్ ద వాల్‌రస్’ నాటి బీటిల్స్. పియానో ఒక్కో మాత్రకు ఒక్కో దెబ్బ చొప్పున బరువుగా నడుస్తుంది. డ్రమ్స్ మధ్యలో రింగో స్టార్ మాదిరిగా తడబడుతున్నట్టు దొర్లి, సరిగ్గా సమం మీద నిలబడతాయి. మన తోటల కింద సొరంగాలు తవ్వుతూ అన్నీ గమనించే ప్రభుత్వ జీవి ఒకటి పాటలో మాట్లాడుతుంది. లెనన్ ‘వాల్‌రస్’లో అర్థం పట్టుబడకుండా మాటల్ని విసిరేశాడు. పార్ట్రిడ్జ్ మాటలు వినడానికి అలాగే ఉంటాయి, కానీ లోపల ఒక పాత్ర ఉంది, దాని కొంటెతనం ఉంది, కాస్త భయమూ ఉంది. వేషం బీటిల్స్‌ది, బుద్ధి స్విండన్‌ది. చివర్లో పాట అయిపోయినట్టే అయిపోయి మళ్లీ తేలి వస్తుంది. ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్’ ముగింపు అలాంటిదేనని తెలిసినవారికి అది ఒక పలకరింపు. తెలియనివారికి కూడా ఒళ్లు గగుర్పొడుస్తుంది. రెండు రకాల శ్రోతలకూ చాలేలా కట్టడం తేలిక పని కాదు.

గమనించాల్సింది ఏమిటంటే, చాలా పాటల్లో మూలం ఒక్కటే ఉండదు. అసలు కాలంలో ఒకరి గడప ఒకరు తొక్కని బృందాల్ని వీళ్లు ఒకే పాటలో కూర్చోబెట్టారు. లండన్ గొంతుకు కాలిఫోర్నియా గిటార్ తగిలించారు. 1967లో ఏ బృందమూ సరిగ్గా ఇలా మోగలేదు. అయినా అప్పటిదేనని మన చెవి ఒప్పుకుంటుంది. అట్ట బొమ్మ కూడా పార్ట్రిడ్జే వేశాడు. క్రీమ్ బృందం ‘డిజ్రేలీ గియర్స్’కు మార్టిన్ షార్ప్ చేసిన అట్టను తలపించే ఎరుపు, నారింజ రంగుల జాతర అది.

రికార్డు బ్రిటన్‌లో ‘ద బిగ్ ఎక్స్‌ప్రెస్’ కంటే బాగా అమ్ముడైంది. తమ పేరుతో వచ్చినదాని కంటే దొంగ పేరుతో వచ్చినది ఎక్కువ పోవడం ఆ ముగ్గురికీ చివుక్కుమనిపించి ఉండాలి. కానీ వాళ్ల తర్వాతి పని వింటే మేలే జరిగిందనిపిస్తుంది. 1986లో టాడ్ రండ్‌గ్రెన్ నిర్మాతగా వచ్చిన ‘స్కైలార్కింగ్’లో బిగుసుకున్న భుజాలు సడలాయి. ముసుగు వేసుకున్నప్పుడు నేర్చుకున్న తేలికదనం అసలు ముఖానికి వచ్చింది. ఆ ఆల్బమ్‌లో చోటు దక్కని ‘లిటిల్ లైట్‌హౌస్’ మళ్లీ డ్యూకుల దగ్గరికే చేరింది.

అది చేరిన చోటు డ్యూకుల రెండో రికార్డు, 1987 ఆగస్టులో వచ్చిన ‘సోనిక్ సన్‌స్పాట్’. ఈసారి పది పాటల పూర్తి ఆల్బమ్. కార్న్‌వాల్‌లో ఫోయ్ నది ఒడ్డున పాత మిల్లులో ఉన్న సామిల్స్ స్టూడియోలో చేశారు. అక్కడికి రోడ్డు లేదు, సామాను పడవ మీద చేరాలి. పాటకూ పాటకూ మధ్య ఒక చిన్నపిల్ల గొంతు పొంతన లేని కథేదో చదువుతుంది. స్మాల్ ఫేసెస్ 1968 ఆల్బమ్ ‘ఆగ్డెన్స్ నట్ గాన్ ఫ్లేక్’లో స్టాన్లీ అన్విన్ చెప్పిన వంకర కథను అది గుర్తుచేస్తుంది. అచ్చంగా అరవైల మోత కావాలంటే మొదటి రికార్డుదే పైచేయి. పాటలుగా చూస్తే రెండోదే గొప్పదని నేనంటాను. ‘వానిషింగ్ గర్ల్’లో మోల్డింగ్ హాలీస్ బృందపు జంట గొంతుల్ని అరువు తెచ్చుకున్నాడు. ఆ అరువు తీసేసినా పాట నిలబడుతుంది.

‘యూ ఆర్ మై డ్రగ్’ వెనక ఉన్న వంశవృక్షం మనకు మరింత దగ్గరిది. దాని మూలం బర్డ్స్ బృందం 1966లో పాడిన ‘ఎయిట్ మైల్స్ హై’. దాని వెనక జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్, రవిశంకర్ సితార్ ఉన్నాయి. వాళ్లిద్దరి సంగీతాన్నీ బర్డ్స్ ప్రయాణాల్లో టేపు మీద పదే పదే విన్నారు. రోజర్ మెగ్విన్ పన్నెండు తీగల గిటార్ మీద అందుకోబోయింది కోల్ట్రేన్ ‘ఇండియా’నే. కోల్ట్రేన్ ఆ రచనకు ఆ పేరు పెట్టిందీ మన సంగీతం మీద మక్కువతోనే. ఇంత దూరం నడిచి వచ్చిన మీటును గ్రెగరీ ఇంకో మలుపు తిప్పాడు. ప్రతి మలుపులోనూ కొంత పోగొట్టుకుని కొంత సంపాదించుకున్న మోత అది.

చివరి పాట ‘పేల్ అండ్ ప్రెషస్’ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. బీచ్ బాయ్స్ బ్రయన్ విల్సన్‌కు పార్ట్రిడ్జ్ పెట్టిన దండం ఇది. విల్సన్ 1966లో ‘గుడ్ వైబ్రేషన్స్’ను ముక్కలు ముక్కలుగా వేర్వేరు స్టూడియోల్లో రికార్డు చేసి, తర్వాత అతికించాడు. అదే పద్ధతిలో ‘స్మైల్’ అనే ఆల్బమ్ మొత్తం కట్టబోయి 1967లో వదిలేశాడు. ఆ పాటల్లో కొన్ని అక్కడా ఇక్కడా బయటికొచ్చాయి గానీ, 1987 నాటికి ‘స్మైల్’ అన్న ఆల్బమ్ లోకంలో లేదు. విల్సన్ దాన్ని తిరిగి పూర్తిచేసింది 2004లో. అంటే పార్ట్రిడ్జ్ చూసి రాయడానికి పూర్తి మూలమే లేదు. ఉన్న ముక్కల్ని బట్టి, ఆగిపోయిన ఆలోచన ఎటు వెళ్లి ఉండేదో ఊహించి రాయాలి. పాట మెత్తగా, ప్రార్థనలా మొదలవుతుంది. గొంతులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఉన్నట్టుండి తాళం మారి కెరటంలా లేస్తుంది, మళ్లీ వెనక్కి తగ్గుతుంది. ఈ అతుకుల దగ్గరే పనితనం తెలుస్తుంది. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లేటప్పుడు శ్రుతి ఎక్కడ మారిందో మనం పట్టుకునేలోపే మారిపోయి ఉంటుంది. విల్సన్ గొంతులోని పసితనాన్ని అనుకరించడం సులువు. ఆయన శ్రుతులు ఎంచుకునే తీరును అనుకరించడానికి ఆయనంత ఆలోచించాలి. ఈ ఒక్క పాటలో పార్ట్రిడ్జ్ దాన్ని సాధించాడు.

తెలుగులో పేరడీ అనగానే జరుక్ శాస్త్రి గుర్తొస్తారు. మూల కవి మీద ఎంత పట్టు ఉంటే అలా ఆడుకోగలరో ఆయన్ని చదివినవారికి తెలుసు. డ్యూకుల పని ఆ కోవలోదే, అయితే నవ్వించడం వాళ్ల మొదటి పని కాదు. నీల్ ఇన్స్ 1978లో బీటిల్స్‌ను ఆటపట్టిస్తూ రట్ల్స్ అనే ఉత్తుత్తి బృందానికి పాటలు రాశాడు. అవీ చక్కని పాటలే. కానీ ఒక్కో పాట ఫలానా బీటిల్స్ పాటకు అంత దగ్గరగా నడిచింది గనుకే, హక్కులున్న సంస్థ రచనలో వాటా అడిగింది. డ్యూకుల పాటల్ని అలా ఒకదానికి ఒకటి జతపెట్టలేం. చిన్నప్పుడు తన బడి రోజులకు రంగు పూసిన బృందాలకు చెప్పుకున్న కృతజ్ఞత ఇది అని పార్ట్రిడ్జ్ అన్నాడు. వింటుంటే ఆ మాట నమ్మబుద్ధవుతుంది.

తర్వాత డ్యూకులు ఇంకో ఆల్బమ్ చేయలేదు. చేయాల్సిన అవసరం కూడా తీరిపోయింది. 1989లో ఎక్స్‌టీసీ సొంత పేరుతో తెచ్చిన ‘ఆరంజెస్ అండ్ లెమన్స్’ నిండా ఆ రంగులే. అదే ఏడాది లెకీ మాంచెస్టర్ బృందం స్టోన్ రోజెస్ తొలి ఆల్బమ్‌కు నిర్మాత. అందులో ‘డోంట్ స్టాప్’ అనే పాటను, అదే ఆల్బమ్‌లోని ‘వాటర్‌ఫాల్’ టేపును వెనక్కి తిప్పి, దాని మీద కొత్త మాటలు పాడి కట్టారు. హెరెఫర్డ్‌లో సరదాగా బయటికి తీసిన పనిముట్లు మరో తరం కుర్రాళ్ల చేతికి అలా అందాయి.

డ్యూకుల రికార్డులు రెండూ 2009లో పార్ట్రిడ్జ్ సొంత సంస్థ నుంచి అసలు పేరు కూడా చేర్చి మళ్లీ వచ్చాయి. 2019లో సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ వాటిని కొత్తగా మిక్స్ చేశాడు. ఇన్నాళ్లూ ఒకదాని వెనక ఒకటి నక్కిన గొంతులూ మెలోట్రాన్ పొరలూ అందులో విడివిడిగా దొరుకుతాయి. కానీ కొత్తగా వినేవారు పాత మిక్స్‌తోనే మొదలుపెట్టడం మంచిది. ముందు ‘ఐ యామ్ ద వాల్‌రస్’ ఒకసారి, వెంటనే ‘ద మోల్ ఫ్రమ్ ద మినిస్ట్రీ’ రెండుసార్లు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదటిసారి పోలికలు వెతకండి. రెండోసారి డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని చివరిదాకా వెళ్లండి.